పిలిస్తే పలికే దూరంలో

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద గంగాధర దాటాక పక్కకు చీలిన దారిలో ఒక ఊరు. జనవరి రెండో వారం, తెల్లారి ఆరు కావస్తోంది. పొగమంచూ, స్నానాల నీళ్లు కాగుతున్న పొయ్యిల పొగా కలిసి ఇళ్ల కప్పుల మీద ఒకటే పొరగా పరుచుకున్నాయి. ఈ చలిని ఇక్కడివాళ్లు ఇగం అంటారు. ఆ మాట వింటేనే వణుకు పుడుతుంది. నేను మిత్రుడి మేనత్త ఇంటి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ముందు పాట వినబడింది, తరవాత పంచాయతీ ట్రాక్టరు కనబడింది.

ట్రాలీలో తడి చెత్తకు ఒక అర, పొడి చెత్తకు ఒక అర. వెనక నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. ప్రతి గడప ముందూ వరస పెట్టి పిలుస్తున్నారు. "వదినా, బకీటు తే." "చిన్నమ్మా, నిన్న గూడ ఎయ్యలె నువ్వు." ఒక ఇంటి ముందు మాత్రం ట్రాక్టరు ఆగినా ఎవరూ బయటికి రాలేదు. ఇద్దరిలో పెద్దావిడ తలుపు దాకా వెళ్లి "పెద్దమ్మా" అని రెండుసార్లు పిలిచి, లోపలికి వెళ్లి, కాసేపటికి తనే బకెట్టు పట్టుకుని వచ్చింది. ముసలమ్మకు రెండురోజులుగా జ్వరమట. ఎనిమిది దాటకముందే ఏఎన్ఎం వచ్చి చూసి మందులిచ్చి వెళ్లింది. ఆమెకు కబురు అందించింది చెత్త ఎత్తే మనిషే.

మల్టీపర్పస్ వర్కర్ అని కాగితాల మీద రాసే ఆ ఉద్యోగానికి నెలకు 9,500 రూపాయలు. అదీ నెలనెలా చేతికి అందదు. నెలలు గడిచాక ఒకేసారి పడుతుందని, పడినరోజు కిరాణం బాకీ తీర్చేసరికి మళ్లీ చెయ్యి ఖాళీ అని మేనత్త చెప్పింది.

నేనీ ప్రయాణం పెట్టుకున్నదే పంచాయతీలను చూద్దామని. తెలంగాణలో 2019లో గెలిచిన సర్పంచుల కాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఆపైన దాదాపు రెండేళ్లు ఊళ్లకు సర్పంచుల్లేరు, వార్డు సభ్యుల్లేరు. ప్రత్యేకాధికారుల పాలన. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి, కొత్తవాళ్లు కుర్చీల్లో కూర్చుని అప్పటికి కొద్ది వారాలే. పెద్ద లేని ఆ రెండేళ్లూ వీధిదీపం ఎవరు వేశారు, నల్లా ఎవరు తిప్పారు అన్నది నా మనసులో ఉన్న ప్రశ్న. భోగి నాటికి ఇంటికి వచ్చేస్తానని అమ్మకు మాటిచ్చి బయల్దేరాను.

పంచాయతీ ఆఫీసును ఇక్కడి పెద్దవాళ్లు ఇంకా కచ్చీరు అనే అంటున్నారు. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. రంగు వెలిసిన బీరువా పక్కన కుర్చీలో కారోబార్ కూర్చుని ఉన్నాడు. ఈ మాట మా గోదావరి జిల్లాల్లో లేదు. ఉర్దూలోంచి వచ్చి పంచాయతీ గుమాస్తాకు అంటుకుంది. పన్ను వసూలు, జనన మరణాల కాగితాలు, నీళ్ల మోటారు, పింఛన్ల జాబితా అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. సర్పంచులు మారతారు, కార్యదర్శులు బదిలీ అవుతారు, కారోబార్ ఉంటాడు.

"రెండేండ్లు ఎవలు లేరు సారు. మోటరు కాలితె నేనే, లైటు పోతె నేనే. అడిగేటోళ్లందరు మమ్మల్నే అడిగిన్రు. ఇచ్చేటోళ్లు లేకుండె." ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. ఆ రెండేళ్లలో ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శి సొంత జేబులోంచి పెట్టాడట. యువకుడు, కొత్త ఉద్యోగం, నా ముందు ఆ సంగతి ఎత్తడం ఇష్టంలేక తల దించుకుని రిజిస్టరు తిప్పాడు.

ట్రాక్టరు కథ కొంచెం చెప్పాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం తరవాత, 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతితో ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు, చెత్త వేరుచేసే షెడ్డు, మొక్కల నర్సరీ, వైకుంఠధామం అనే పేరుతో శ్మశానం సమకూరాయి. చాలా ఊళ్లు ట్రాక్టరును బ్యాంకు అప్పు మీద కొన్నాయి, కిస్తీలు పంచాయతీ డబ్బులోంచే కట్టాయి. రైతు ఇంట్లో కాడెద్దుల్లాంటిది ఆ ట్రాక్టరు. పొద్దున చెత్త, మధ్యాహ్నం మొక్కలకు నీళ్లు, ఎవరింట్లోనైనా పెళ్లయితే ట్యాంకరు, చావైతే శ్మశానం దగ్గర నీళ్లు. మేత లేకపోతే కదలదు.

కారోబార్ ఇంటిపన్ను రిజిస్టరు తెరిచి చూపించాడు. కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న తాళంకప్ప బొమ్మ గీసి ఉంది. తాళం వేసిన ఇళ్లవి. మస్కట్, దుబాయి, షార్జా, లేకపోతే హైదరాబాద్. ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని వాడ ఉండదు. "మనుషులు లేకున్నా ఇంటి ముంగట మోరి తియ్యాలె, లైటు ఎయ్యాలె గద సారు. పన్ను మాత్రం రాదు." వాళ్లందరికీ వాట్సాప్‌లో గొంతు పంపిస్తాడట: "తమ్మీ, మీ బాపు కట్టిన ఇల్లు, పేరు బాకీల ఉండొద్దురా." అలా పంపితే డబ్బు పంపేవాళ్లున్నారట. ఆ తాళంకప్ప బొమ్మలు చూస్తున్నప్పుడు నాకు మా ఊళ్లో నా వాటాకు వచ్చిన పెంకుటిల్లు గుర్తొచ్చింది. తాళం వేసి నాలుగేళ్లు. పన్ను ఎప్పుడు కట్టానో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం మేనత్త ఇంట్లో సకినాలు. మా వైపు సంక్రాంతంటే అరిసెలు, ఇంటి మనుషులే వండుకుంటారు. సకినాలు ఒక్క చేతితో అయ్యేవి కావు. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య సన్నగా జారుస్తూ, తెల్లటి బట్ట మీద చుట్టు మీద చుట్టు తిప్పాలి. వాడలోని ఆడవాళ్లంతా ఇవాళ ఒకరింటికీ, రేపు ఇంకొకరింటికీ వెళ్లి చుట్టిపెడతారు. పదిమందిలో ఒకామె వడివడిగా చుడుతోంది. మిగతావాళ్లు ఆమెతో మాట్లాడుతున్న తీరును బట్టి మేనత్త కోడలేమో అనుకున్నాను. కొత్త సర్పంచి ఆవిడే.

"మా గల్లీల లైటు పోయి వారమాయె అక్కా." "ఆ మూల మీదిదా? రేపు ఎక్కిస్త." "బోరింగు కాడ బురదయితుంది." "గా నీళ్లు ఎక్కడికి మలుపుదామో సాయంత్రం వచ్చి చూస్త. ఇంకుడుగుంత తవ్విద్దామా?" వేళ్లు ఆగలేదు, చుట్లు తప్పలేదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా రామచంద్రాపూర్ 2004-05లోనే నిర్మల్ గ్రామ్ పురస్కారం తెచ్చుకుంది. ఇంటి వాడకం నీటిని మోరీలోకి వదలకుండా పెరటి మొక్కలకు మళ్లించిన ఊరుగా దానికి పేరు. అటువంటి పని ఏ ఊళ్లోనైనా ముందు ఇలాంటి మాటతోనే మొదలై ఉంటుంది.

మర్నాడు ఆఫీసులో ఆవిడ భర్త ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని, అడిగిన ప్రతిదానికీ ముందు తనే జవాబు చెప్పాడు. ఆవిడ నవ్వుతూ ఊరుకుంది. సకినాల బట్ట దగ్గర ఉన్న మాట కచ్చీరులోకి వచ్చేసరికి ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. సగం పదవులు ఆడవాళ్లకు చట్టం ఇచ్చింది. కుర్చీ ఇంకా పూర్తిగా ఇవ్వాల్సింది ఇంట్లోవాళ్లు.

జగిత్యాల దాటాక నేల రంగు మారింది. పసుపు చేలు, మక్క చేలు, మామిడి తోటలు. శ్రీరాంసాగర్ కాలువ కింద యాసంగి నాట్లు పడుతున్నాయి. ఒక ఊరి నడిమధ్య బొడ్రాయి, దానికెదురుగా రెండంతస్తుల భవనం, నున్నటి బండలు. పంచాయతీ అనుకుని లోపలికి వెళ్లబోయాను. పంచాయతీ కాదు, వీడీసీ. గ్రామాభివృద్ధి కమిటీ. పంచాయతీ దాని వెనక, పెంకులు జారిన గదిలో ఉంది.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో వీడీసీలు బలమైనవి. చట్టంలో వాటికి చోటు లేదు. కులానికి ఒకరిద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. గుడి కడతారు, బడికి గది వేస్తారు, చెరువు చేపలు వేలం వేస్తారు. కొన్నిచోట్ల కల్లు, మద్యం దుకాణాలు కూడా వేలం వేస్తారు, సర్పంచి పదవికే పాట పెట్టి ఏకగ్రీవం అనిపిస్తారు. మాట వినని కుటుంబానికి జరిమానా, అదీ కట్టకపోతే ఊరి పలకరింపు బంద్. ఇలాంటి బహిష్కరణల మీద పోలీసు కేసులూ నడిచాయి. నాతో మాట్లాడిన పెద్దాయన మర్యాదస్తుడు. చాయ్ తాగేదాకా కదలనివ్వలేదు. "పంచాయతి బిల్లు పాసయ్యేసరికి ఏడాది. మేము ఒక్క రాత్రి కూసుంటె పైసలు జమ" అన్నాడు. అది నిజం. ఊరి కోసం ఊరు తన జేబులోంచి తీయడం గొప్ప గుణం, కాదనను. అయినా ఆ గది గోడకు వేలాడిన ఫోటోల్లో ఒక్క ఆడమనిషి లేదు. లెక్క అడగాలంటే ఎవరిని అడగాలో ఊళ్లో పేదవాడికి తెలియదు. ఓడించాలంటే ఓటు లేదు. జారిన పెంకుల కింద ఉన్న ఆ చిన్న గదిలో మాత్రం కూలికి పోయే మనిషి కూడా గోడ మీద అంటించిన ఖర్చుల కాగితం చూపించి ఇదేంటని అడగవచ్చు. అందుకని నా ఓటు ఆ పెంకుల గదికే.

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరిని దాటాను. బస్సులో ఆడవాళ్లు రూపాయి బిళ్లలు విసిరి దండం పెట్టుకున్నారు. మా కాకినాడ వైపు ఈ నీళ్లే కాలువలై, చేతికందేంత దగ్గరగా, ఇళ్ల వెనకనుంచే పారతాయి. ఇక్కడ నది మధ్యలో రాళ్లు, ఇసుక, దూరంగా సన్నటి నీటిపాయ. అవతలి ఒడ్డు ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం. ఆ తరవాత కవ్వాల్ అడవి. టేకాకులు రాలి రోడ్డు పొడుగునా కరకరలాడుతున్నాయి. ఊళ్లు చిన్నవవుతూ, దూరమవుతూ వచ్చాయి.

ఉట్నూరు పైన ఒక గోండు గూడెం. దాని పంచాయతీ వయసు పదేళ్లు లేదు. 2018 చట్టంతో తెలంగాణలో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,700 దాటాయి. ఐదువందల జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అంతకుముందు ఈ గూడెం వాళ్లు ఒక సంతకం కోసం ఏడు కిలోమీటర్లు నడిచి కింది ఊరికి పోయేవాళ్లు. కార్యదర్శి లేకపోతే తిరిగి ఏడు. ఇప్పుడు బడి పక్కన అరువు గదిలో పంచాయతీ నడుస్తోంది. సొంత భవనం ఇంకా లేదు. బోర్డు మాత్రం పెద్దది, ఎండకు మెరుస్తోంది.

సర్పంచి ముప్పై దాటని యువతి. రామ్ రామ్ అని పలకరించి, మంచం వాల్చి, జొన్నరొట్టె మీద పప్పు వేసి ఇచ్చింది. తరవాత ఇప్పపువ్వు లడ్డు. ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వుతో ఉట్నూరు ఆడవాళ్లు చేసే ఈ లడ్డుది కాస్త పొగవాసన ఉన్న తియ్యదనం. గూడేనికి ఇంకో పెద్ద ఉన్నాడు, పట్లా. ఆయనతో పాటు దేవారి, కటోడా, మహాజన్, హవల్దార్, ఇలా తాతల నాటి పంచాయితీ ఒకటుంది. దాని పైన కొన్ని గూడేలకు కలిపి రాయ్ సెంటర్, దానికి సార్‌మేడి. పెళ్లి తగాదా, భూమి గట్టు తగాదా అక్కడే తెగుతాయి.

నేను వెళ్లిన రోజు చెట్టు కింద అందరూ కూర్చుని ఉన్నారు. గూడెం కింది వాడకు నీళ్లు అందుతున్నాయి, పై వాడకు ఎక్కడం లేదు. మాటలు గోండిలో. ఎవరూ ఒకరి మాట ఒకరు తుంచలేదు. ముసలివాళ్లు అయ్యాక ఆడవాళ్లు, ఆడవాళ్లయ్యాక కుర్రాళ్లు. కార్యదర్శి మైదానం అబ్బాయి. ఉద్యోగానికి వచ్చాక గోండి నేర్చుకున్నాడు, తడబడుతూనే మాట్లాడుతున్నాడు. మూడుగంటలు పట్టింది. తేలిందేమిటంటే, పొద్దున పై వాడకు ముందు వదలాలి, నిండాకే కిందికి. దీనివల్ల నష్టపోయేది కింది వాడే. ఒప్పుకున్నదీ వాళ్లే. అప్పుడు సర్పంచి తీర్మానాల పుస్తకం తెరిచి తెలుగులో రాయించింది, వేలిముద్రలు పడ్డాయి. "పట్లా ముందట ఒప్పుకున్న మాట ఎవ్వరు తప్పరు. పుస్తకంల రాస్తె ఆఫీసరు గూడ తప్పలేడు. రెండు గావాలె మాకు" అంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చిన బలం గురించి చాలా చదివాను. ఆ మంచం మీద కూర్చుని విన్నాక గానీ అది నాకు ఒంటికి పట్టలేదు.

సభ ముగిశాక పట్లా నన్ను అడిగాడు. మీ ఊరి సర్పంచి ఎవరు? నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఊరు వదిలి చాలాకాలమైంది అన్నాను. ఆయన తలూపి, మళ్లీ అడగలేదు. ఆ అడగకపోవడంలో ఉన్న మర్యాద నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మా ఊరికి కూతవేటు దూరంలో కరప. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలకు అక్కడే ప్రారంభోత్సవం చేశారు. వాటివల్ల మేలు జరిగింది. సర్వేయరు, ఇంజనీరు, వ్యవసాయ సహాయకుడు, మహిళా పోలీసు అందరూ ఊళ్లోకే వచ్చారు. పని కోసం మండలానికి పరుగులు తగ్గాయి. కానీ ఆ ఉద్యోగులందరూ పైవాళ్లకు జవాబు చెప్పేవాళ్లు. ఊరివాళ్లకు జవాబు చెప్పాల్సిన ఒక్క సర్పంచి గది మాత్రం చిన్నదైపోయింది. ఆయన పేరు నాకు తెలియకపోవడానికి తప్పు నాదే. ఐనా ఆయన పేరు తెలియకుండానే నా పనులన్నీ జరిగిపోతుండటం కూడా ఒక కారణమేమోనని ఆ రాత్రి అనిపించింది.

మార్లవాయిలో ఎక్కువసేపు ఆగలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక, గోండుల బాధ ఏమిటో చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఉన్న ఊరు అది. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు అక్కడే ఉన్నాయి. ఎవరో పొద్దునే ఊడ్చి, నీళ్లు చల్లి, బంతిపూలు పెట్టి వెళ్లారు.

ఆయన సలహాతోనే 1940ల్లో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులు తామే కొండెక్కి వచ్చి, జనం ముందు కూర్చుని, గోడు వినాలి. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. నేను వెళ్లేసరికి పుష్య అమావాస్య దగ్గరపడింది. నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు గోదావరి హస్తినమడుగు నీళ్ల కోసం కాలినడకన వెళ్లి వచ్చే కాలం. కేస్లాపూర్ పంచాయతీ మనుషులు మర్రిచెట్ల కింద చెత్త ఊడుస్తున్నారు, నీళ్ల ట్యాంకులు కడుగుతున్నారు, సున్నం గీతలు గీస్తున్నారు. ఆ కొద్దిరోజులు లక్షల్లో జనం వస్తారు. వాళ్లు వెళ్లాక మిగిలినదంతా ఎత్తాల్సింది ఈ చిన్న పంచాయతీయే. చీపురు పట్టుకున్న ఒకతన్ని కష్టం కాదా అని అడిగాను. "మా దేవుని ఇల్లు, మా ఇంటికి చుట్టాలు" అన్నాడు.

గుడిహత్నూరు మీదుగా ఇచ్చోడ వైపు తిరిగితే నల్లరేగడి. పత్తి ఏరడం చివరికొచ్చింది, కంది చేలు కోతకొచ్చాయి. ఇక్కడ ఊళ్ల పేర్ల చివర బి, కె అని ఉంటాయి. బుజుర్గ్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. ముఖ్రా కె ఆ చిన్నది. 2019లో సొంత పంచాయతీగా మొదటి సర్పంచిని ఎన్నుకుంది. గాడ్గే మీనాక్షి సర్పంచిగా ఉన్న ఐదేళ్లలో ఈ ఊరు చెత్తను వానపాములకు మేపి ఎరువు చేసి అమ్మింది, అమ్మిన డబ్బుతో పంచాయతీ కప్పు మీద సౌర ఫలకలు పెట్టించింది. ఊడ్చిన చెత్త ఎరువై, ఎరువు డబ్బై, డబ్బు కరెంటైంది. ఊరిలో తిరుగుతుంటే నా కళ్లు మోరీల మీదే ఉన్నాయి. ఎక్కడా నిలిచిన నీళ్లు కనబడలేదు. ఒక ఇంటి ముందు ఇద్దరు పిల్లలు అరటితొక్క ఏ బుట్టలో వెయ్యాలో వాదించుకుంటున్నారు. ఆరేళ్ల పిల్ల గెలిచింది.

ఆదిలాబాద్‌లో రైలెక్కేముందు కారోబార్ నుంచి ఫోను. చెత్త ట్రాక్టరు వెనక నడిచే పెద్దావిడకు జీతం పడిందట. ముసలమ్మకు జ్వరం తగ్గిందట. ఆ మాట చెప్పడానికే చేశాడు.

భోగి తెల్లవారుజామున ఇంటికి చేరాను. మంట చల్లారాక తమ్ముణ్ణి అడిగి మా సర్పంచి ఇల్లు ఎక్కడో తెలుసుకున్నాను. పండగ మూడు రోజులూ ఆఫీసు లేదు. కనుమ వెళ్లాక పొద్దునే పంచాయతీకి వెళ్లాను. బిల్లు కలెక్టరు రిజిస్టరు తిప్పి నా పెంకుటింటి నంబరు పట్టుకున్నాడు. నాలుగేళ్లది ఒకేసారి కట్టి రసీదు తీసుకున్నాను. పక్క గదిలో సర్పంచిగారు ఒక్కరే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. లోపలికి వెళ్లి నా పేరు చెప్పుకున్నాను.

"మీ నాన్నగారు నాకు తెలుసండి. కూర్చోండి. మీ ఇంటి ముందు కుళాయి కారిపోతోందని మొన్నే కట్టించాను" అన్నారు.